సముద్రపు వేగులవారి పతకములు

పతకమన్న మాట చెవిని బడగానే మన యిండ్లలో ముందుగా బుట్టెడి ప్రశ్న "ఎన్ని కాసులది?" అని. ఇందులో తప్పు పట్టవలసిన దేమియు లేదు. మన మెరిగిన పతకము హారమునకు నడుమ వ్రేలాడునది. కెంపులో పచ్చలో పొదిగినది. అత్తగారి పెట్టెలోనుండి కోడలి మెడలోనికి వచ్చునది. సైనికుని రొమ్మున వ్రేలాడెడి పతకము సంగతి వేరు. రణరంగమున జూపిన శౌర్యమునకై మన దేశ మిచ్చు వానిలో నన్నిటికంటె గొప్పదైన పరమవీరచక్రము కంచుతో జేసినది. దాని యడ్డుకొలత యొకటిన్నర అంగుళమునకు లోపు. దాని తరువాతివైన మహావీరచక్రమును, వీరచక్రమును వెండివి. ఈ రెండు వెండి చక్రములను కరగించి చంటిబిడ్డకు కాలి కడియములు చేయుమన్నచో కంసాలి చాలునో చాలదో యని సందేహించును. అన్నిటికంటె గొప్పదానికి కంచును, దాని క్రిందివానికి వెండియు నేలనని మమ్మొక సోదరి యడిగినది. మేము నవ్వి యూరకుంటిమి.

పతకము లన్నింటిని గూర్చియు వ్రాయుట మా యుద్దేశము గాదు. సైన్యములో ఒక తెగవారున్నారు. వారు యుద్ధము చేయుటకై పోరు, చూచుటకై పోవుదురు. శత్రువు ఎక్కడ నున్నాడు, ఎందరున్నారు, నీరెంత లోతు, నేల గట్టిదా మెత్తనిదా యని తెలిసికొని వచ్చుట వారి పని. దీనికి మన పూర్వులు పెట్టిన పేరు వేగు. వేగు పోయినవాడు కత్తి దూయరాదు. దూసెనా, పని చెడినట్లే. చచ్చుటకును వీలు లేదు. రణములో మడసిన వీరునకు కీర్తియైనను దక్కును. మడసిన వేగుతో వాడు చూచిన దంతయు మడసిపోవును. కావున ప్రాణము నరచేత బట్టుకొని, ఎవరి కంటను బడక, ఇంటికి మరలి వచ్చుటయే వాని పరాక్రమము. ఇట్టి పరాక్రమమునకు ఎవరు సాక్షి? ఎవరును జూడలేదు గనుకనే గదా అతడు గెలిచినది! ఈ చిక్కుముడి మా మనస్సున బడి చాలకాలమైనది. అందుచేత సముద్రముపై వేగు పోయినవారికి వచ్చిన పతకములను గూర్చి మాకు తెలిసినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

సముద్రము దాటి శత్రువు జాడ దీసిన మొదటి వేగు మన యింటింటను బూజ లందుకొనుచున్నాడు. సుందరకాండము పారాయణము జరుగని వీధి మా కోనసీమలో నరుదు. హనుమంతుడు తిరిగివచ్చి సీతమ్మ క్షేమము చెప్పుటతో పని ముగిసినదని మనము పీటలు తీసివేసి ప్రసాదము పంచుదుము. యుద్ధకాండము మొదటనున్న సర్గలను ఆడువారు శ్రద్ధగా జదువుట తక్కువ. అక్కడ రాముడు లంకకోటను గూర్చి యడుగును. హనుమంతుడు ద్వారము లెన్నియో, వాని తలుపు లెట్టివో, కందకములపై దాటుటకు నేర్పాటు లేమున్నవో, ఆ దాటులను గాపాడు యంత్రము లెక్కడ నున్నవో, ఏ వాకిట నెంత సేన కాచియున్నదో పూసగ్రుచ్చినట్లు చెప్పును. ఇంత చూచి వచ్చినాడన్నమాట! తోక నిప్పు, మిద్దెల మంట మనకు గుర్తున్నవి గాని, రామునకు పనికివచ్చినది ఈ లెక్క. లంకను గాల్చుట వేగువాని పనికి మించిన దని మా యభిప్రాయము. కాల్చిన పిదప హనుమంతుడే, సీతమ్మకు ఏమైనదో యని భయపడి తన్ను దాను నిందించుకొన్నాడు గదా.

ఆ వేగునకు బహుమాన మేమి? మేలుచేసినవానికి దగిన దేదియు నీయలేని స్థితిలో నున్నానే యని రాముడు చింతించి, తన యొద్దనున్న సర్వస్వము ఇదియే యని గాఢముగా గౌగిలించుకొనెను. అడవిలో నున్న రాజునకు అంతకంటె లేదు. పతకము వచ్చుటకు పట్టాభిషేకము వరకు ఆగవలసి వచ్చినది. ఆనాడు సీతమ్మ తన మెడలోని ముత్యాలహారమును దీసి, భర్త ముఖము జూచి, ఆయన సమ్మతించిన పిదప హనుమంతునకు నిచ్చెను. వాని సాహసమునకు సాక్షి ఆమె యొక్కతెయే. అశోకవనములో చెట్టు కొమ్మమీద నక్కిన వానిని జూచిన దామెయే గదా. చూచినవారే పతకము నీయవలె నన్న న్యాయము అక్కడ నెరవేరినది.

ఇక మన కాలమునకు వత్తము. రెండవ ప్రపంచయుద్ధములో ఇంగ్లీషువారును వారి మిత్రులును ఫ్రాన్సు దేశపు నార్మండీ తీరమున సేనలను దింపదలచిరి. పటములు చూచిరి, విమానములనుండి తీసిన ఛాయాపటములు చూచిరి. అయినను ఒక సందేహము మిగిలెను. ఆ యిసుక క్రింద నేమున్నది? పైకి గట్టి యిసుకవలె గనబడి, క్రింద జిగట మన్నో కుళ్లిన పీచునేలయో యున్నచో దిగిన టాంకులన్నియు దిగబడిపోవును. మా ప్రాంతపు సోదరీమణులకు ఈ భయమును విడమరచి చెప్పనక్కరలేదు. అంతర్వేది తీర్థమునకు ఎడ్లబండ్లు గట్టుకొని పోయిన పెద్దలు ఎక్కడ చక్రము దిగబడునో, ఎక్కడ దిగబడదో చెప్పుచుండగా మేము చిన్ననాట వినియున్నాము. పైన తెల్లని యిసుక యుండును. జానెడు లోతున ఒండ్రు. కన్ను జూచి చెప్పలేదు, కాలు మోపి చెప్పవలసినదే.

అట్లు కాలు మోపుటకు 1943 డిసెంబరు 31వ తేదీ రాత్రి ఇద్దరు పురుషులు చలినీటిలో నీదుకొనుచు ఆ తీరమునకు బోయిరి. ఒకరు మేజర్ లోగన్ స్కాట్-బౌడెన్, రెండవవారు సార్జెంటు బ్రూస్ ఆగ్డెన్-స్మిత్. ఒడ్డుమీద జర్మనులు కావలి యున్నారు. వీరు పొట్టలపై బ్రాకుచు, బరమావంటి సాధనముతో నేల దొలిచి, ఇసుకను గొట్టములలో నింపుకొని, ఏ గొట్టము ఏ చోటిదో గుర్తు పెట్టుకొని, మరల సముద్రములో బడి యీదుకొనుచు వచ్చిరి. అర్ధరాత్రి దాటగనే సార్జెంటు ప్రాకుచు తన యధికారి చెంతకు వచ్చి నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పెనట! ఆ మరుసటి నెలలో వారు చిన్న జలాంతర్గామిలో మరియొక తీరమునకును బోయి చూచి వచ్చిరి. 1944 జూను 6వ తేదీని సేనలు దిగినవి. స్కాట్-బౌడెన్‌కు ఆ యుద్ధములో మిలిటరీ క్రాసును, డి.ఎస్.ఓ. యను గౌరవమును లభించినవి. వారు తెచ్చినది గొట్టములలో ఇసుక. మా యింటి వాకిట ముగ్గు వేయుటకైనను జాలనంత యిసుక! దానిని నమ్మి వేలకొలది తల్లుల బిడ్డలు ఆ యొడ్డున దిగిరి.

అంత దూరము పోనేల, మన విశాఖపట్టణపు తీరముననే జరిగిన సంగతి కలదు. 1971లో పాకిస్తానుతో యుద్ధము వచ్చుననగా మన తూర్పు నౌకాదళమునకు వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్‌గారు అధిపతిగా విశాఖలో నుండిరి. ఆయన రెండవ ప్రపంచయుద్ధమునాడే డి.ఎస్.సి. పతకమును బొందినవారు. మన దళమునకు ప్రాణమువంటిది విక్రాంత్ అను విమానవాహిక. దానిని ముంచుటకై పాకిస్తానువారి జలాంతర్గామి ఘాజీ 1971 నవంబరు 14వ తేదీని కరాచీనుండి బయలుదేరి, సింహళమును జుట్టి బంగాళాఖాతమునకు వచ్చినది. మనవారు దీనిని పసిగట్టి విక్రాంత్‌ను అండమాను దీవుల చాటున దాచిరి. విశాఖయొద్ద రాజపుత్ అను ముసలి యోడ చేత విక్రాంత్ వేషము వేయించిరి.

ఆ వేషము వేయించిన తీరు మన మెచ్చదగినది. విశాఖలోని గుత్తదారులకు మాంసము, కూరగాయలు మొదలైన సంబారములు పెద్దయెత్తున పంపుమని పురమాయించిరి. పట్టణములో శత్రువు వేగులుండకపోరు. ఇందరికి వండి వడ్డించవలసిన యోడ రేవునకు దగ్గరలోనే యున్నదని వారు కబురంపుదురు గదా! వంటయింటి పద్దు చూచి యింటిలో నెందరున్నారో చెప్పవచ్చునని మనకు తెలిసినదే. నౌకాధిపతికి గూడ తెలియుట విశేషము. అంతేకాదు. విక్రాంత్‌లోని నావికుడొకడు జబ్బుగా నున్న తన తల్లి క్షేమము నడుగుచు తంతి నిచ్చినట్లు అందరు వినగల రీతిని ఒక కబురు పంపించిరి. ఆ తల్లి లేదు, ఆ జబ్బును లేదు. అయినను విన్నవారు నమ్మదగినది, కొడుకు తల్లి నడిగెనన్నమాటయే యని ఆయన యెంచినాడు. ఈ భాగము మొదట జదివినపుడు మాకు నవ్వు వచ్చినది. పిదప నవ్వు నిలువలేదు. ఘాజీలో గూడ తల్లులుగల నావికులే యుండిరి గదా.

డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి రాజపుత్ రేవునుండి వెలుపలికి బోవుచు, నీటిలో నేదో కలత గనిపించినందున, నీటి లోపల ప్రేలెడి గుండ్లను రెండింటిని విడిచెను. అర్ధరాత్రి దాటిన కొంతసేపటికి పెద్ద ప్రేలుడు వినబడి తీరపు టిండ్ల కిటికీ యద్దములు గలగలలాడినవి. ఘాజీ మునిగిపోయెను. ఆ గుండ్లవలననే మునిగినదని మనవారందురు; లోపలనే ప్రేలుడు పుట్టినదని పాకిస్తానువా రందురు. అందులోనున్న 90 మందికి పైగా నావికులలో నొక్కడును బ్రతుకలేదన్న సంగతిలో మాత్రము వాదము లేదు. ఆ యోడ నేటికిని మన విశాఖ నీటిలో నడుగున నున్నది.

ఇంత జరిగినను, మునిగినది ఘాజీయే యని మొదట నెవరికి దెలియును? రాత్రి యేదో ప్రేలినది, అంతవరకే. ఆ జాడను ఒడ్డునకు దెచ్చినవారు జాలరులు. వేటకు బోయినవారికి నీటిపై దేలుచున్న శకలములును, మునుగకుండ ఒడలికి గట్టుకొనెడి చొక్కాయొకటియు దొరకగా వారు వానిని నౌకాదళమువారి కప్పగించిరి. తరువాత గజయీతగాండ్రు దిగి చూచి నిశ్చయించిరి. యుద్ధము వచ్చినదని తీరమంతయు దీపము లార్పి యున్న దినములలో తెప్పవేసికొని సముద్రముమీదికి బోవుటయే సాహసము. వారు కడుపుకొరకు బోయిరి, నిజమే. కాని కనబడిన దానిని దాచుకొనక తెచ్చి యిచ్చిరి.

రాజపుత్ నాయకుడైన లెఫ్టినెంటు కమాండరు ఇందర్ సింగుగారికి వీరచక్ర మిచ్చిరి. తగినదే. జాలరులకు? ఈ చక్రములను స్థాపించిన 1950వ సంవత్సరపు శాసనములో, సైన్యపు టాజ్ఞలకు లోబడి పనిచేయు పౌరులును, వారు స్త్రీలైనను పురుషులైనను, నర్సులును గూడ అర్హులే యని స్పష్టముగా వ్రాసియున్నది. ఆడువారికి గూడ నీ చక్రము రావచ్చునని 1950లోనే వ్రాసిపెట్టి రన్న సంగతి మనలో నెందరికి దెలియును? కాని తెప్పమీద పోవు జాలరి యెవరి యాజ్ఞకును లోబడినవాడు గాడు. అతడు తనంతట జూచినాడు, తనంతట దెచ్చినాడు. శాసనములో అట్టివానికి గడి లేదు. ఈ మాట నౌకాదళమువారిమీది నేరముగా మేము చెప్పుటలేదు. గడి లేకపోవుటను గూర్చి చెప్పుచున్నాము.

వేగునకు గొప్ప పతకములు రానే రావని గూడ ననరాదు. వాయుసేనలో జగ్‌మోహన్‌నాథ్‌గారు కాన్‌బెరా విమానముపై శత్రుభూమిమీదుగా బోయి ఛాయాపటములు దీసికొని వచ్చెడివారు. ఆయనకు 1962లో నొకసారి, 1965లో మరియొకసారి, మహావీరచక్రము రెండుమారులు వచ్చినది. ఆయన యాయుధము కెమేరా. కాని నౌకాదళమున నింతవరకు ఎవరికిని పరమవీరచక్రము రాలేదు. ఆ చక్రము పొందిన 21 మందిలో 20 మంది పదాతి మొదలగు భూసేనవారు, ఒక్కరు వాయుసేనవారు. సముద్రముపై జరుగు పోరునకు సాక్షులు తక్కువ యగుటయు దీనికొక హేతువేమో యని మాకు దోచును.

పతకములను గూర్చి యింత చెప్పి, వానిని చిత్రించినది ఒక స్త్రీ యని చెప్పకుండుట న్యాయము గాదు. ఆమె పేరు సావిత్రీబాయి ఖానోల్కర్. 1913లో స్విట్జర్లాండులోని న్యూషాటెల్‌లో బుట్టినది. తండ్రి హంగేరీవారు, తల్లి రష్యావారు. పుట్టినప్పటి పేరు ఈవ్. మన దేశపు సైనికాధికారి విక్రమ ఖానోల్కర్‌గారిని వలచి, సముద్రములు దాటి వచ్చి, 1932లో ఆయనను బెండ్లాడి హిందూధర్మము నవలంబించినది. సంస్కృతము నేర్చి, వేదాంతము, పురాణములు చదివినది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప మేజర్ జనరల్ హీరాలాల్ అటల్‌గారు క్రొత్త పతకములను చిత్రింపుమని కోరినది ఆమెనే. పరమవీరచక్రముపై నడుమ రాజ్యచిహ్నము, చుట్టును నాలుగు వజ్రాయుధములు నామె వేసినది. మహావీరచక్రమునకు అయిదు కోణముల నక్షత్రము. వీరచక్రమునకు నక్షత్రముతో గూడ నడుమ ధర్మచక్రము. అవి 1950 జనవరి 26వ తేదీని స్థాపింపబడి, 1947 ఆగస్టు 15వ తేదీనుండి వర్తించునట్లు చేయబడినవి. మొదటి పరమవీరచక్రము పొందిన మేజర్ సోమనాథశర్మ ఆమెకు వియ్యపు బంధువు; ఆయన తమ్మునికే ఆమె కుమార్తె నిచ్చినారు. వజ్రాయుధమును గీయునపుడు అది తమ బంధువర్గములోని మృతుని రొమ్మునకే మొదట జేరునని ఆమె యెరుగదు.

వజ్రాయుధము సంగతి మన భాగవతము షష్ఠస్కంధము జదివినవారికి దెలిసినదే. వృత్రాసురుని జంపుటకు దేవతలు దధీచిమహర్షి యెముకలను యాచించిరి. ఆయన కాదనక దేహము విడిచెను. ఆ యెముకలతో వజ్రము తయారైనది. ఇంద్రుడు గెలిచెను. దధీచి కీర్తి శాశ్వతమైనది. ఆయన భార్య సంగతి బ్రహ్మపురాణములో నున్నది. ఆమె యింట లేని సమయమున దేవతలు వచ్చిరట. ఆమె మరలి వచ్చుసరికి భర్త లేడు. నిండు చూలాలు. ఆమె బిడ్డను గని, ఆ పసివానిని రావిచెట్ల కప్పగించి తాను భర్తను గూడెను. రావిపండ్లు దిని పెరిగినవాడు గనుక బిడ్డకు పిప్పలాదుడని పేరు. కంచు చక్రముమీద నాలుగు వజ్రములు జూచినప్పుడెల్ల మాకు మహర్షికంటె ముందు ఆయన యిల్లాలు జ్ఞాపకమునకు వచ్చును.

2021 నవంబరు 23వ తేదీని రాష్ట్రపతి భవనములో అట్టి ఘట్టమునే దేశమంతయు జూచినది. తెలంగాణములోని సూర్యాపేటకు జెందిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబుగారు 2020 జూను 15వ తేదీ రాత్రి లద్దాకులోని గల్వాన్ లోయలో చీనావారితో జరిగిన ఘర్షణలో ప్రాణములు విడిచిరి. ఆయనతో గూడ మొత్తము 20 మంది మనవారు మరణించిరి. శత్రువున కెదురుగా నొక పరిశీలనస్థానమును, అనగా చూపు నిలుపు చోటును, ఏర్పరచుట ఆయనకు ఒప్పగించిన పని. సముద్రము గాకున్నను ఇదియు వేగే. ఆయనకు వచ్చిన మహావీరచక్రమును ఆయన తల్లియు భార్యయు గలిసి యందుకొనిరి. ప్రశంసాపత్రము చదువుచుండగా నిలబడియుండవలెను. కన్నీరు రానీయక నిలబడుటకు ఎంత బలము వలయునో మగవారు లెక్క వేయలేరని మేము గట్టిగా జెప్పగలము. అంతకుముందు ఆ జనవరిలో పతకము ప్రకటించినపుడు ఆయన తండ్రిగారు తాము పరమవీరచక్రము వచ్చునని యాశించితిమనియు, తమకు పూర్తి తృప్తి కలుగలేదనియు బత్రికలవారితో జెప్పినారు. కొందరు దీనిని తప్పుపట్టిరి. మేము పట్టజాలము. కొడుకు మరణమునకు రెండవ మెట్టు, మొదటి మెట్టు అని కొలత నిర్ణయించినది లోకము. తండ్రి యా కొలతతోనే మాటలాడినాడు. తన బిడ్డ పోయినది మాత్రము మెట్లలో పోలేదు గదా.

విశాఖకు బోయినవారు రామకృష్ణా బీచియొద్ద గట్టుపై నిలిపిన కుర్సురా జలాంతర్గామిని జూడకుండ రారు. అది 1969నుండి 2001 వరకు దళములో బనిచేసి, 2002లో ప్రదర్శనశాలయైనది. 1971 నవంబరులో ఇది అరేబియా సముద్రములో వేగు తిరిగినది. శత్రువు కనబడినను ఆజ్ఞ లేనిదే ప్రయోగింపరాదని కట్టడి. మేము లోపలికి దిగి చూచితిమి. మనిషి వెనుక మనిషి ప్రక్కకు దిరిగి నడువవలసినంత యిరుకు. పడకలు గోడ కతికించిన యలమరలవలె నొకదానిపై నొకటి. వంటగది మా యింటి పూజగదికంటెను చిన్నది. అందులో డెబ్బదిమందికి వండవలెనట. మాతో వచ్చిన సోదరి ఒకతె టార్పిడోలను జూడలేదు. ఆ పొయ్యి యొద్దనే నిలబడి, పోపు పొగ యెటు పోవునని మార్గదర్శిని నడిగినది. మంచి ప్రశ్న. రోడ్డునకు ఆవల టి.యు.-142 విమానమున్నది. అది 1988నుండి 2017 వరకు, 29 సంవత్సరములు, సముద్రముపై గాలించుచు తిరిగి, 30,000 గంటలు ప్రమాదము లేకుండ నెగిరినది. ప్రమాదము జరుగలేదు గనుక పత్రికల కెక్కలేదు.

ఇక మా వీధిలోని సంగతి. ఇచ్చట నొక మామ్మగారున్నారు. ఆమె భర్త నౌకాదళములో నావికుడుగా జేసి, 1971లో విశాఖనుండి పోయిన చిన్న యోడలో రాత్రులు కావలి చూపు చూచెడివారు. ఆయన గతించి చాలకాలమైనది. ఆమె యొద్ద రెండు పతకములున్నవి. ఒకటి పూర్వీ స్టార్, తూర్పురంగమున బనిచేసినవారి కిచ్చినది; రెండవది సంగ్రామ్ మెడల్, ఆ యుద్ధకాలమున కొలువులో నున్నవారి కిచ్చినది. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టునపుడు ఆమె వానిని పై మెట్టున పట్టాభిషేకము బొమ్మకు ప్రక్కనే యుంచును. క్రిందటి పండుగకు పేరంటమునకు వచ్చిన యువతి, చదువుకొన్నదే, తన చేతిలోని ఫోనులో వెదకి చూచి, "ఇవి శౌర్యానికిచ్చినవి కావు మామ్మగారూ, అందరికీ ఇచ్చినవే" అన్నది. చెడ్డ తలంపుతో ననలేదు. గదిలో నందరును మాట చాలించిరి. మామ్మగారు శనగలు దొప్పలో బెట్టుచు తల యెత్తకుండ, "అందరికీ ఇచ్చిందేనమ్మా. అందరూ మేలుకునే ఉన్నారుగా మరి" అనిరి.

పతకములున్న యిండ్లవారికి ఒకటి రెండు సంగతులు తెలుపవలసియున్నవి. మామ్మగారు ఏటేట వానిని చింతపండుతో దోమి, ముగ్గుపిండితో మెరుగు పెట్టెడివారు. రాగిచెంబునకు అది తగును గాని పతకమునకు దగదు. పతకపు టంచున దానిని పొందినవాని సంఖ్యయు, పేరును సన్నని యక్షరములతో జెక్కియుండును. తోమగా తోమగా నవి యరిగిపోవును. మెత్తని పొడిబట్టతో దుడిచిన జాలును. పట్టుపట్టీని తడి తగులకుండ, మన కోనసీమ చెమ్మకు బూజు పట్టకుండ, కాగితములో జుట్టి పొడిగా నుంచవలెను. అన్నింటికంటె ముఖ్యము, కాగితము. పేరు, సంఖ్య, ఓడ, సంవత్సరములు ఒక పుస్తకములో వ్రాసి పతకముతో నుంచనిచో, రెండు తరములు గడచునప్పటికి మనుమలకు అది బిళ్లయే.

మామ్మగారి పతకములలో నొకదాని యంచున నప్పటికే సగము అక్షరములు పోయినవి. కళ్లజోడు పెట్టుకొని, దీపమునకు వాలుగా బట్టి, మిగిలినవి మేము చదివితిమి. పోయినవి ఆమె నోటనుండి వచ్చినవి. సంఖ్య ఆమెకు కంఠస్థము. ఉత్తరముల పైవిలాసములో నేళ్ల తరబడి వ్రాసిన సంఖ్య గదా. ఓడ పేరు, చేరిన యేడు, విడిచిన యేడు వ్రాసితిమి. ఆ డిసెంబరు రాత్రులలో ఆయన యేమి చూచినారో అదికూడ వ్రాయుదమా యని యడిగితిమి.

"రాత్రంతా చూశారట. ఏమీ కనపడలేదట. అలాగే రాయి" అనిరి.

అట్లే వ్రాసి, క్రింద తేదీ వేసి, ఆమెచేత సంతకము చేయించితిమి.